శుక్రవారం తప్పే లెక్క

2006లో నేను కర్నూలులో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని, మిషన్లకు కంట్రోల్ బోర్డులు చేసి ఇచ్చేవాణ్ని. బేతంచెర్లలో సుబ్బరాయ శెట్టి గారి నాపరాళ్ళ ఫ్యాక్టరీకి ఒకటి బిగించాను. అక్కడ బండను ట్రాలీ మీద పెడితే, ట్రాలీ పట్టాల మీద రంపం దగ్గరికి వెళ్ళి మనం చెప్పిన చోట ఆగాలి. ఎంత దూరం వెళ్ళిందో చెప్పేది దాని చక్రం ఇరుసుకు తగిలించిన రోటరీ ఎన్‌కోడర్.

దాని లోపల సన్నని గాట్లున్న బిళ్ళ ఒకటి తిరుగుతుంది. గాట్లలోంచి వెలుతురు పడ్డప్పుడల్లా రెండు తీగల మీద, కొంచెం వెనకాముందుగా, పల్సులు వస్తాయి. ఏది ముందొచ్చిందో చూసి బోర్డు మీది మైక్రోకంట్రోలర్ చిప్పు, ట్రాలీ ముందుకు పోతుంటే ఒకటి కూడుతుంది, వెనక్కి వస్తుంటే ఒకటి తీసేస్తుంది. మా వైపు కరెంటు కోతలు తెలిసినవే కనుక, కరెంటు పోగానే ఆఖరి అంకెను దాచుకునేలా ప్రోగ్రాం రాశాను. దాన్ని చూసుకుని లోలోపల మురిసిపోయాను కూడా.

కొన్నాళ్ళకు శెట్టి గారు ఫోన్ చేశారు. "ఏమప్పా, శుక్రవారం వచ్చిందంటే బండలన్నీ రెండు వేళ్ళు పొట్టిగా వస్తాండాయి. మిగతా దినాలు బాగనే ఉండాది. ఆ ఏసుదాసే ఏదో కెలుకుతాండాడు. ఈ శుక్రవారం గూడా ఇట్లే అయితే పనిలోంచి తీసేస్తా."

ఏసుదాసు ఆ మిషన్ నడిపే మనిషి. ట్రాలీని మొదటి గుర్తు దగ్గర నిలిపి అతను లెక్కను సున్నాకు తెచ్చే రీసెట్ బటన్ నొక్కగానే మిషన్ దారికొచ్చేదట. బాగుచేయడం తెలిసినవాడికి చెడగొట్టడమూ తెలుసని శెట్టి గారి అనుమానం.

"నేనెందుకు చెడగొడతా సార్?" అన్నాడు ఏసుదాసు, నేను వెళ్ళినప్పుడు. "ఈ పని పోతే మళ్ళా క్వారీలో సమ్మెట పట్టాల. నా నడుము ఇంగ దానికి పనికిరాదు." ఆ మాటకు నాకు భయం పట్టుకుంది. తప్పు నా బోర్డుదైతే ఇతని కూడు పోతుంది.

మోటార్ వల్ల పుట్టే దొంగ పల్సులేమోనని కేబుల్ మార్చాను. రాతి బురద చేరిందేమోనని ఎన్‌కోడర్ విప్పి చూశాను. ట్రాలీని ఎంత నడిపినా అంకె తప్పలేదు. మిషన్ ఆపి ఉన్నప్పుడు ఎవరైనా ముట్టుకుంటారా అని శెట్టి గారిని అడిగాను. "ఎవురూ ముట్టుకోరు. షెడ్డు తాళం నాకాడే ఉండాది" అన్నారు. అయినా యంత్రానికి వారాలెలా తెలుస్తాయన్న ప్రశ్న నన్ను వదల్లేదు. శుక్రవారం మొదటి బస్సెక్కి మళ్ళీ వెళ్ళాను.

ఏసుదాసు ఇంకా రాలేదు. షెడ్డులో శెట్టి గారొక్కరే ఉన్నారు. మెయిన్ స్విచ్ ఇంకా వేయలేదు. మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, ట్రాలీ చక్రం ముందు నిమ్మకాయ ఉంచారు. మోటార్‌తో పట్టు విడేలా క్లచ్ తీసి, ట్రాలీని రెండు చేతులా ముందుకు తోశారు. నిమ్మకాయ చితికింది. మళ్ళీ క్లచ్ వేసి దణ్ణం పెట్టుకున్నారు. ట్రాలీ రెండు వేళ్ళంత కదిలింది. కరెంటు లేని చిప్పుకు ఆ సంగతి తెలియనే తెలియదు.

"దాన్ని మళ్ళా మొదటి చోట పెట్టరా సావుకారూ?" అన్నాను, నవ్వాపుకుంటూ.

"నిమ్మకాయ తొక్కించినాక ఎవురైనా వెనక్కి తీస్తారాప్పా?"

జరుగుతున్నదేమిటో విడమరచి చెప్పాను. "అయితే చెడగొడతాండేది నేనా?" అన్నారాయన మెల్లగా, చితికిన నిమ్మకాయను చూస్తూ.

పరిష్కారం హోమ్ స్విచ్. కరెంటు రాగానే ట్రాలీ తానే పట్టాల కొసకు వెళ్ళి దాన్ని తాకి, అక్కణ్ణుంచి లెక్క మొదలుపెడుతుంది. మామూలుగా వెనక కొసన పెడతారు. "అంటే వెనక్కి పోతాదా?" అని శెట్టి గారి ముఖం వాడిపోయింది. చిప్పుకు ఎటైనా ఒకటే. ముందు కొసనే బిగించాను.

మరుసటి శుక్రవారం శెట్టి గారు ఏసుదాసు వచ్చేదాకా ఆగారు. అతను చర్చికి పోయే మనిషి, పూజప్పుడు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. "నీ ప్రార్థన గూడా చేసుకోప్పా, మొదటి బండ నువ్వే కొయ్యి" అన్నారు శెట్టి గారు. ఏసుదాసు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని బటన్ నొక్కాడు. కోసిన బండకు టేపు పట్టి, "సరిగ్గా ఉండాది సావుకారూ" అన్నాడు.

ఇప్పటికీ ఏ మిషన్ బిగించినా, కరెంటు లేనప్పుడు దీన్ని ఎవరు ముట్టుకుంటారని అడుగుతాను. ఎవరూ ముట్టుకోరనే అందరూ అంటారు. శెట్టి గారూ అబద్ధమాడలేదు, పూజ చేయడం ఆయన దృష్టిలో ముట్టుకోవడం కాదు. అందుకే ఆ జవాబు విన్నాక, ఒక రోజు మెయిన్ స్విచ్ వేయకముందే వెళ్ళి నిలబడతాను.