పంతులుగారి డాంగిల్‌లో గడియారం

ఈ రోజు మధ్యాహ్నం గుంటూరులోని నా కంప్యూటర్ రిపేరు షాపుకి నల్లపాడు నుంచి పంతులుగారు ఆటోలో వచ్చారు. మా పెళ్ళి చేయించింది ఆయనే. ల్యాప్‌టాప్‌లో జాతకాల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదట. ఇంటి దగ్గర సంబంధం వాళ్ళు రెండు జాతకాలు పట్టుకుని కూర్చున్నారట. పాపం, ఆయన ముఖం వాడిపోయింది.

“గడువు నిన్నటితో అయిపోయిందంటోంది నాయనా. కంప్యూటర్లో తేదీ పోయిన నెలకి మార్చాను. అయినా వినడం లేదు,” అన్నారు, షాపులో ఇంకెవరికీ వినపడకుండా గొంతు తగ్గించి.

“పక్కన గుచ్చారే, ఈ డాంగిల్, సాఫ్ట్‌వేర్‌కి తాళం లాంటిది, దీంట్లో సొంత గడియారం ఉంటుందండీ. మీరు కంప్యూటర్లో ఏ తేదీ పెట్టినా ఇది తన టైమే చూసుకుంటుంది,” అన్నాను.

చెబుతుంటేనే నాకు నవ్వొచ్చింది. మా పెళ్ళిలో ఫోటోగ్రాఫరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, పది నిమిషాలు ఆగండని కాళ్ళావేళ్ళా పడినా ముహూర్తం వెనక్కి జరపని మనిషి ఈయన. జీలకర్ర బెల్లం ఫోటో లేదని మా ఆవిడ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.

అయినా ఆయన్ని చూస్తే జాలేసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. రేపు పదకొండింటికి రెన్యువల్ చేస్తామన్నాడు అక్కడి అబ్బాయి. పంతులుగారు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

“రేపు శుక్రవారం. ఆ టైముకి రాహుకాలం నడుస్తుంటుంది. పన్నెండు దాటాక చెయ్యమను నాయనా.”

అడిగాను. ఆ అబ్బాయి ఒక్క మాటకే సరేనన్నాడు.

ఈ సంగతి మా ఆవిడకి ఎలా చెప్పాలో మీరే చెప్పండి.