జుమాదిల్ మానిటర్‌కి పట్టిన మసక

మసక మానిటర్‌కి పట్టలేదు, జుమాదిల్ కళ్ళకి పట్టింది. ఆ సంగతి మొదట కనిపెట్టింది అతని కోడలు బురుల్. ఎవరో ఒకరు నోరు విప్పి ఆ మాట అతనికి చెప్పాలి, చూపు మొత్తం పోకముందే చెప్పాలి. చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో లేడు.

జుమాదిల్, నేనూ మా ఊరు కరకోల్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. నేను బస్సు నడిపాను, అతను టీవీల రిపేరు షాపులో పనిచేశాడు. షాపు మూతపడ్డాక కిటికీ పక్కన బల్ల వేసుకుని ఇంట్లోనే పని సాగించాడు. మంచివాడే కానీ మొండిఘటం. తన చేతిపనికి వంక పెట్టినవాళ్ళ గుమ్మం మళ్ళీ తొక్కడు.

ఆపిల్ పళ్ళు కోసే రోజుల్లో అతని పాత మానిటర్ నిజంగానే చెడిపోయింది. తెర నల్లగా ఉండిపోయింది. అతను టార్చి తెచ్చి, తెర మీద ఏటవాలుగా వెలుగు వేసి నాకు చూపించాడు. నలుపు లోపల గుర్రాల పోటీ నీడల్లా నడుస్తోంది.

"చూశావా, బొమ్మ బాగానే ఉంది. వెనక దీపం ఆరిపోయింది, అంతే," అన్నాడు.

ఆ పాత మానిటర్లలో తెర వెనక పెన్ను రీఫిల్ అంత సన్నటి గాజు గొట్టాలుంటాయి. వెలుగంతా వాటిదే. ఊపిరి బిగబట్టి వాటిని పగలకుండా బయటికి తీశాడు. వాటి చోట బజారులో దొరికే ఎల్‌ఈడీ పట్టీలు అతికించి, తీగలు సోల్డరింగ్ చేశాడు. తెర వెలిగింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

కొన్నాళ్ళకి మళ్ళీ మసకగా ఉందన్నాడు. కోడల్ని పిలిచి చూడమన్నాడు. చూసి, "అవును ఆతా," అంది. తండ్రి వయసువాళ్ళని మేం ఆతా అని పిలుస్తాం. మా దగ్గర కోడలు మామగారి పేరు పలకదు, ఆయన మాటకి ఎదురు చెప్పదు. బురుల్ అసలే నోట్లో నాలుక లేని పిల్ల. ఆయన మసక అంటే ఆమెకీ మసకే. కొడుకు లారీ తోలుకుంటూ కొండల్లో తిరుగుతుంటాడు, ఎప్పుడో ఇల్లు చేరితే అతనూ అదే పాట. దాంతో జుమాదిల్ మానిటర్ విప్పడం, ఇంకో పట్టీ అతికించడం, బిగించడం, మళ్ళీ విప్పడం. చలికాలమంతా ఇదే పని.

ఒకరోజు బురుల్ మా ఇంటికి వచ్చింది. వేడి రొట్టెలు ఇచ్చి వెళ్ళడానికి వచ్చానంది కానీ వెళ్ళలేదు.

"ఏమ్మా, మీ మామ మళ్ళీ ఎవరితోనైనా తగువు పెట్టుకున్నాడా?" అన్నాను.

"లేదు ఆతా. ఆ మానిటర్‌కి ఏమీ కాలేదు. ఎదురుగా కూర్చుంటే నా కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, అంత వెలుగు. ఆయనకి మాత్రం మసకట. నిన్న టీ గిన్నెలో పోయబోయి బల్ల మీద పోశారు."

"మరి ఆ మాట ఆయనతోనే అనొచ్చుగా."

"నేనా?" అని తల దించుకుంది. "మీరైతే ఆయన కుర్దాష్. మీరేమన్నా చెల్లుతుంది."

అది నిజమే. ఒకే ఈడువాళ్ళని కుర్దాష్‌లంటాం. వాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడే నవ్వులపాలవుతాడు. కోటు వేసుకుని ఆమె వెంటే వెళ్ళాను.

తలుపు తియ్యగానే నా కళ్ళు బైర్లు కమ్మాయి. గోడలు కూడా తెల్లగా మెరుస్తున్నాయి. జుమాదిల్ తెరకి ముక్కు ఆనించి కూర్చున్నాడు.

"వచ్చావా ముసలి గాడిదా. చూడు, ఇంకా వెలుగు చాలడం లేదు. బజారువాడు నాసిరకం సరుకు అంటగట్టాడు."

"ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటివాడే. నీ మానిటర్ చూసి వీధిలో కోళ్ళు తెల్లారిందని కూస్తున్నాయి."

"నా కోడల్ని అడుగు. తనూ మసకే అంటోంది."

"రాత్రిని పట్టుకుని పగలన్నా నీ కోడలు అవునంటుంది. అది సరే, ఇన్నేళ్ళు రిపేర్లు చేశావే, తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకుంటావు?"

"ఒక్కో భాగాన్నీ విడిగా చూస్తాను."

"అయితే చూడు. ఒక కన్ను మూసుకో."

నవ్వుతూనే ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"మానిటర్ ఆపేశావా?" అన్నాడు.

"లేదు. నేను ముట్టుకోలేదు."

చెయ్యి మార్చి రెండో కన్ను మూశాడు. ఎడమ కంటితో చాలాసేపు చూశాడు. "గొట్టంలోంచి చూసినట్టుంది," అన్నాడు మెల్లగా. ఆ తరువాత కోడలి వైపు తిరిగాడు.

"బురుల్, నీకు ఇది మసకగా ఉందా?"

ఆమె తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మీరు మసక అన్నారు కదా ఆతా," అంది.

అతను కోప్పడలేదు. తడుముకుంటూ ప్లగ్గు పీకేశాడు.

రాజధాని బిష్కెక్‌లో కళ్ళ డాక్టరు చూసి, లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు. కుడి కన్ను ఇక రాదు. ఎడమ కంట్లో మిగిలింది చుక్కల మందుతో నిలబెట్టాలి, చూపు ఏ మాత్రం తగ్గినా వెంటనే రావాలి. ముందే వచ్చి ఉంటేనో అని అడిగాడు జుమాదిల్. డాక్టరు కాగితం మీద మందు పేరు రాస్తూ ఉండిపోయాడు.

పెద్దలంటే మర్యాద ఉండాల్సిందే, నేనూ అందులోనే పెరిగాను. కానీ మనిషి కన్ను తినేసిన మర్యాద మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. ఆ పిల్ల మీద కాదు. ఆ రోజు గడప దాటి నా దగ్గరికి రావడానికి ఎంత భయపడి ఉంటుందో నాకు తెలుసు.

మొన్న వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. జుమాదిల్ కిటికీ వైపు ముఖం పెట్టి, "ఇవాళ పొగమంచు దట్టంగా పట్టింది, కొండలే కనిపించడం లేదు," అన్నాడు.

నేను నోరు తెరవబోయి ఆగాను. బురుల్ గిన్నె పట్టుకుని అతని పక్కనే నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"లేదు ఆతా," అంది. "ఎండ కాస్తోంది. కొండలన్నీ కనిపిస్తున్నాయి."

అతను చెయ్యి చాచి గోడ పట్టుకున్నాడు.

"అయితే నా కోటు తీసుకురా అమ్మా," అన్నాడు. "ఈసారి ఆలస్యం చెయ్యొద్దు."