దారం తగిలితే కనబడనట్టే

బాబాయి కళ్ళను నమ్మడు. తన కళ్ళనే కాదు, ఎవరి కళ్ళనూ నమ్మడు. ఆయన నమ్మేది దారాన్ని. దర్జీ కాబట్టి దారానికి కరువు లేదు, అదీ చుట్టుపక్కలవాళ్ళ ఖర్మ.

ఆదివారం షాపు మూసి, బట్టలు కత్తిరించే బల్ల మీద యుద్ధం పరుస్తాడు. బొటనవేలంత సైనికులు, గుడ్డపీలికలు అతికించిన అట్టగుట్టలు, పళ్ళ బ్రష్షులు నిలబెట్టిన అడవి. ఆ బ్రష్షులిచ్చినవాడు ఆయన అన్న కొడుకు, పళ్ళ డాక్టరు. ఇచ్చినందుకు ఇప్పటికీ చెంపలేసుకుంటున్నాడు. ఎందుకంటే శత్రువు కనబడితేనే కాల్చాలన్నది ఆట నియమం. కనబడటమంటే కంటికి కాదు. కాల్చేవాడి తల నుంచి అవతలివాడి తలదాకా దారం లాగాలి. మధ్యలో గుట్టో బ్రష్షో తగిలిందా, కనబడనట్టే.

“నీ సేనాపతి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు బాబాయ్! గుడ్డివాడిక్కూడా కనబడతాడు!” అని ఒకసారి మొత్తుకున్నాడు డాక్టరు.

“నోరు జాగ్రత్త. దారం పట్టు,” అన్నాడు బాబాయి మొహం గంటుపెట్టుకుని.

దారంతో పోతే బాగుండు. ఏ బొమ్మ కదిపినా “నా ఫిరంగి, గుట్ట పక్కన” అని పైకి అరవాలి. ఒక సైన్యం కాళ్ళకింద రెండు చిల్లుల గుండీలు, ఇంకోదాని కింద నాలుగు చిల్లులవి అంటించాడు. ఎందుకయ్యా అంటే, “దర్జీ సైన్యం అలాగే ఉంటుంది” అంటాడు. అసలు యుద్ధాలు ఈయన చేతిలో పెడితే ఒక్క ప్రాణం పోదు, దారం లాగేలోపు రెండు దేశాలూ విసిగి ఇంటికెళ్ళిపోతాయి.

బాబాయి స్నేహితుడు, రిటైరైన బస్సు డ్రైవరు, మాత్రం కిమ్మనడు. పైగా ప్రతిసారీ గెలుస్తాడు. డాక్టరుకి ఆయన మీద ఒక్క గెలుపూ లేదు. అందుకే ఒళ్ళు మండి, దారం పీడ వదిలించుకోవడానికి ఒక ఎర్ర లేజరు లైటు కొనుక్కొచ్చాడు.

“చూడండి డ్రైవరు గారూ! ఎర్రచుక్క సరిగ్గా మీ సేనాపతి గుండె మీద పడింది! ఇక ఆట నాదే!”

డ్రైవరు వంగి, “ఏదీ?” అన్నాడు. చుక్క ఆయన ముక్కు కింద మెరుస్తోంది. ఆయన అడవి వైపు చూస్తున్నాడు. “ఇంతకీ వేశారా లైటు?”

బాబాయి లైటు లాక్కున్నాడు. “చవక సరుకు! బ్యాటరీ లేదు. వెలుగే రాలేదు, దీనికి ఇంత ఆర్భాటం!”

“లేకపోవడమేంటి, ఇప్పుడే...”

బల్ల కింద డాక్టరు పాదం మీద ఒక కాలు పడింది. ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కిన కాలది.

బాబాయి దారం లాగి, డ్రైవరు చెయ్యి అందుకుని దాని మీద పెట్టాడు. రెండు వేళ్ళు దారం వెంట మెల్లగా నడిచి గుట్ట దగ్గర ఆగాయి. “ఇదిగో, అంచు తగిలింది. కనబడదు డాక్టరు గారూ.”

నిజంగానే తగిలింది. లైటు కాస్త ఎత్తులో పట్టుకున్నది డాక్టరే. ఆ వేళ్ళు బొమ్మల కింద గుండీల చిల్లులు తడుముకోవడం చూశాక డాక్టరుకి అంతా అర్థమైంది. ఆట మళ్ళీ డ్రైవరుదే అయింది.

లోపలి గదిలో డాక్టరు బాబాయిని నిలదీశాడు. “నాకొక్క ముక్క చెప్పొచ్చుగా?”

“చెప్తే జాలిపడి ఓడిపోతావు. అది వాడు ఇట్టే పట్టేస్తాడు. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కడు. నువ్వు ఇలాగే పోట్లాడు.”

డాక్టరు డ్రైవరుకి తోడుగా మెట్లు దిగాడు. సగంలో డ్రైవరు గొంతు తగ్గించాడు. “ఈ దారం గోల నాకు మాత్రం సరదానా? మీ బాబాయికి చూపు తగ్గుతున్నట్టుంది. పాపం, ఒప్పుకోడు. మనమే సర్దుకుపోవాలి.”

డాక్టరుకి ఇద్దరి మీదా ఒకేసారి ఒళ్ళు మండింది. “అంతేనండీ,” అన్నాడు పళ్ళు బిగించి.

మరుసటి ఆదివారం పళ్ళ సందులు శుభ్రం చేసే దారం చుట్ట తెచ్చి బల్ల మీద విసిరాడు. “నీ నూలు దారం వదులైపోతోంది బాబాయ్! ఇది బిగువుగా ఉంటుంది, వేలికి బాగా తగులుతుంది. వాడితే వాడు, లేకపోతే మానుకో!”

బాబాయి దాన్ని వేళ్ళ మధ్య లాగి చూశాడు. “చవక సరుకు కాదు కదా?” అన్నాడు.