కన్ను బొమ్మ పక్కన మార్కులు

నేను పుంగనూరులో పాలు పోసే మనిషిని. పాలలో నీళ్లు కలిపానని ఇంతవరకూ ఎవరూ అనలేదు. కానీ ఒక్క చూపుడువేలితో ప్రాణస్నేహితురాలి పొట్ట మీద కొట్టాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. రాయకపోతే చేయి మరిచిపోతుందని భయం. కుప్పంలో ఉండే నా కూతురు సుజాత ఫోను కొనిచ్చి, అద్దం మీద వేలితో రాస్తే అక్షరాలు పడేట్టు పెట్టి, అందులో వాట్సాప్ స్టేటస్ అనేదాన్ని చూపించింది.

“ఈడ ఏమన్నా రాసుకోమ్మా. రేపు ఈయాలకంతా అదే పోతాది.”

“తుడిసే పని లేదా?”

“లేదు.”

పలక! తడిబట్ట అక్కర్లేని పలక! అంతే, నేను తేల్చేసుకున్నాను. పైగా ఏ రోజు నెట్టు ఆ రోజే వాడెయ్యాలట, మిగిలితే మర్నాటికి రాదట. మిగిలిన సంగటి ముద్దను మజ్జిగలో పిసుక్కుని తాగే మనిషిని, నెట్టును మాత్రం పారబోస్తానా?

“ఆవు ఈనింది” అని రాశాను. “వాన రాలేదు” అని రాశాను. రాసిన కాసేపటికి కింద కన్ను బొమ్మ, దాని పక్కన ఒక అంకె కనిపించేవి. ఎవరో దిద్ది మార్కులు వేస్తున్నారనుకున్నాను. మీరే చెప్పండి, పలక ఉన్నాక దిద్దే అయ్యవారు ఉండడా? ఆవుకు మార్కులు తక్కువ. “పక్కింటి కోడలు పొద్దెక్కినా లేయదు” అని రాసిన రోజు అంకె ఎగిరి కూర్చుంది. మర్నాడు ఆ కోడలు మొహం తిప్పుకుంటే, ఎండకనుకున్నాను. వాన కన్నా మనుషులకే మార్కులెక్కువని అర్థమయ్యాక, ఇక పరీక్షకు కూర్చున్న పిల్లలా మనుషుల మీద పడ్డాను.

ఇక ఆ ప్రాణస్నేహితురాలు శంషాద్. బజారులో జాకెట్లు కుడుతుంది. నా జాకెట్ల లోపల ఫోను పట్టేంత జేబు పెట్టేది ఆమే. ఒక రోజు నేను వెళ్లేసరికి సూదిని వెలుతురుకు పట్టుకుని దారంతో కుస్తీ పడుతోంది.

“కండ్లల్లో శుక్లాలంటక్కా. ఎవురికీ సెప్పొద్దు. తెలిస్తే గుడ్డ ఎవురిస్తారు? కుప్పం పెండ్లి జాకెట్లు కుట్టిచ్చేసి, ఆ దుడ్లతో మదనపల్లెలో ఆపరేషన్ చేపిచ్చుకుంటా.”

ఆ కుప్పం పని ఇప్పించింది నేనే. పెళ్లికూతురి తల్లి వనజమ్మ, సుజాత వాళ్ల ఎదురింటామె.

“నా నోరు కుట్టేసినావనుకో,” అన్నాను.

నోరు నిజంగానే తెరవలేదు. ఆ సాయంత్రం ‘శ’ దిద్దుకున్నాను, అంతే. నాకు వంకర తిరిగే అక్షరం అదొక్కటే. శ ఉన్న మాటల కోసం వెతికితే “శంషాద్ కండ్లకు శుక్లాలు. సూదిలో దారం ఎక్కదు పాపం” అని వచ్చింది. తెల్లారి చూస్తే మార్కులే మార్కులు! ఆవు అరుస్తున్నా పితకడం మరిచి మురిసిపోయాను.

ఫోను మోగింది. సుజాత.

“అమ్మా, ఏం రాసినావే? వనజమ్మ గుడ్డలు వెనక్కి అడగతాండాది!”

“ఆమెకెట్ల తెలిసె? నేను పలకలో కదా రాసుకునింది?”

“పలకేందమ్మా! నీ ఫోన్లో నంబర్లుండేవాళ్లంతా సూస్తారు. ఆ కన్ను పక్కన ఉండేది సూసినోళ్ల లెక్క!”

నా ఫోనులో ఉన్నదెవరు? జాకెట్ల పని మాట్లాడిన వనజమ్మ, పాలు పోయించుకునే ఇళ్లన్నీ. ఆ ఇళ్లన్నీ శంషాద్ దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటాయి.

అప్పుడైనా ఊరుకోవాల్సింది. సర్దుదామని మళ్లీ రాశాను: “శంషాద్ కండ్లు బాగుండాయి. శుక్లాలు లేనే లేవు. ఎవురూ నమ్మొద్దు.” మొదటిది చూడనివాళ్లకు కూడా దాంతో తెలిసిపోయింది. అంకె పెరుగుతోంది. ఈసారి అవి మార్కుల్లా లేవు. తలుపు సందుల్లోంచి ఒక్కో కన్నూ శంషాద్ ఇంట్లోకి తొంగి చూస్తున్నట్టుంది.

అంగడికి పరిగెత్తాను. కుట్టని గుడ్డలు మడతపెట్టి ఉన్నాయి, వెనక్కి తీసుకెళ్లేవాళ్ల కోసం.

“రాక్కా, రా. నోరు కుట్టేసుకుంటివి. వేలికి నాలుక మొలిసిందా?”

“అందురూ సూస్తారని నాకు తెలీదే శంషాదూ.”

“ఎవురూ సూడకపోతే మాత్రం, నేను సెప్పొద్దనింది ఏల రాస్తివి?”

ఎవరినైనా మొహం మీదే కడిగేస్తానని నాకు పేరు. ఆ రోజు వంగి, మడతపెట్టిన గుడ్డలనే మళ్లీ మడతపెట్టాను.

కుప్పం జాకెట్లు పోయాయి. ఆపరేషన్ వెనకబడింది. దూడను అమ్మి ఇస్తానంటే, “వద్దులే, ఆ సంగతి కూడా రాస్తావు” అంది. చాలా నెలల తర్వాత చెల్లెల్ని తోడు తీసుకుని మదనపల్లె వెళ్లి చేయించుకుంది. బస్టాండు దాకా పాలక్యాను పట్టుకుని వెనకాలే నడిచాను. ఆమె తిరిగి చూడలేదు.

చూపు వచ్చాక, ఎప్పుడో నేనిచ్చిన గుడ్డ జాకెట్టయి ఇంటికొచ్చింది. కొలత ఇంచు తప్పలేదు. కుట్లు చీమల బారులా ఉన్నాయి. లోపల ఫోను జేబు కూడా ఉంది. ఫోను దూర్చబోతే దూరలేదు. జేబు మూతిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కుట్టేసింది.

అందుకని, నా పాలక్యాను మీద, ఈనబోయే ఆవు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక దిద్దుకుంటే నల్ల పలక మీదే దిద్దుకుంటాను, తడిబట్టతో నేనే తుడుచుకుంటాను. ఆ జేబు కుట్టు మాత్రం ముట్టుకోను. విప్పితే శంషాదే విప్పాలి.