మనోడు అని అరిచే ఆట

సరూర్‌నగర్‌లో మా ఫుట్‌బాల్ సార్ పదకొండు మందితో ఆడించేవారే కాదు. చిన్న గ్రౌండు, ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. వారానికో రూలు మార్చి మా బుర్ర తినేవారు. రెండు టచ్‌లకు మించి బంతి ఉంచుకోకూడదన్నారు. బంతి రాకముందే ఎవరికివ్వాలో చూసుకోవడం వచ్చింది. గోల్‌పోస్టులు మూలలకు జరిపారు. మధ్యలో గుంపుగా పడే అలవాటు పోయింది.

ఆయన నేర్పిన కేక ‘మ్యాన్ ఆన్’. అవతలి జట్టువాడు వెనక నుంచి మీదికొస్తున్నాడు, జాగ్రత్త అని. మాకది ‘మనోడు’ అని వినపడింది. మీదికొచ్చేది అవతలివాడు, మేం అరిచేది ‘మనోడు’! సార్ కూడా నవ్వి వదిలేశారు. నాకోసం ఎక్కువగా అరిచేది మా డిఫెండర్. నల్గొండ నుంచి వచ్చిన లారీ డ్రైవర్ కొడుకు, నా ప్రాణ స్నేహితుడు. మాది కృష్ణా జిల్లా. నాన్న దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. వాడి కేక ఉంటే నేను వెనక్కి చూసేవాణ్ణే కాదు. ఆ ఏడు జిల్లా సెలెక్షన్స్‌లో ఇద్దరం నెగ్గాలనుకున్నాం.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరింది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ధర్నాలు, రోజు మార్చి రోజు బంద్. ఒకరోజు ఆటలో మీదికొస్తున్నవాణ్ణి చూసి ఎవరో మామూలుగానే ‘మనోడు’ అని అరిస్తే, ఇంకొకడు ఆగిపోయి, "గాడు మనోడెట్లయితడుర? ఆంధ్రోడు" అన్నాడు. ఆ మాట పడ్డవాడు అన్నవాడి కాలర్ పట్టుకున్నాడు. ఇద్దరికీ రక్తాలు కారాయి.

సార్ విడదీసి, "రేపటి సంది ఎవడూ నోరు తెరవొద్దు. తెరిస్తే అవతలోళ్లకు పెనాల్టీ" అన్నారు.

మాట లేకపోయేసరికి మెడలు తిప్పడం నేర్చుకున్నాం. బంతి అందుకునే ముందు ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా. ఇన్నాళ్లకు ఆట వచ్చిందని సార్ మురిసిపోయారు. నాకు ఒళ్లు మండేది. దొంగల్లా ఒకరినొకరు చూసుకోవడం ఏం ఆట? ఇంట్లో అమ్మదీ అదే రూలు. "బస్సులో నోరెత్తకు నాన్నా, మాట వింటే తెలిసిపోతుంది" అనేది.

సెలెక్షన్స్‌కి ముందు ఆదివారం బంతి నా కాళ్ల దగ్గరికొచ్చింది. ఎదురుగా నా ప్రాణ స్నేహితుడే ఉన్నాడు, నా జట్టులోనే, నా వైపే చూస్తూ. పాత అలవాటు కొద్దీ నేను వెనక్కి చూడలేదు. వెనక నుంచి జారుతూ వచ్చినవాడి బూటు నా పిక్కకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది.

ఆటోలో దవాఖానకు పోతుంటే నా కాలు వాడి ఒళ్లోనే ఉంది.

"నేను చూసిన్రా. మనోడని ఒర్లుదామనుకున్న. పెనాల్టీ ఇస్తరని ఊకున్న, రూలుండె గద" అని ఏడుస్తున్నాడు.

సెలెక్షన్స్ పోయాయని నాకు అప్పటికే అర్థమైంది. ఆ రూలు లేకపోతే అరిచేవాడివేనా అని అడగాలనిపించింది. ఏం చెబుతాడోనని భయమేసింది. నొప్పి భరించలేనట్టు కళ్లు మూసుకున్నాను.