గుహుడి పడవ కింద పేరు

బుల్లిరాజు చేత్తో పేరు రాయించుకోని కొట్టు అమలాపురంలో ఒకప్పుడు వెతికినా దొరికేది కాదు. కిరాణా కొట్లు, కొబ్బరికాయల కమిషను షాపులు, మందుల దుకాణాలు, లాంచీలు, లారీల వెనక రాతలు, అన్నిటికీ ఆయనే. ప్రతి బోర్డుకీ కింద మూలన చిన్న అక్షరాలతో 'రాజు ఆర్ట్స్' అని వేసుకునేవాడు. ఫ్లెక్సీలు రాగానే ఆ బోర్డులన్నీ పాత ఇనుముకు పోయాయి. వాటితోపాటే మూలనున్న పేరూ పోయింది. ఇప్పుడాయన ఓ కల్యాణమండపానికి కాపలా ఉంటున్నాడు. అక్కడ పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ థర్మాకోల్ మీద ఎవరో కోసి తెచ్చి అంటిస్తారు. ఆ వంకర అక్షరాలు చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. మండితే మాత్రం అడిగేదెవరు?

కిందటేడు శ్రావణంలో భార్య పద్మావతితో వాడపల్లి వెళ్లి వస్తూ కొత్తపేటలో బస్సు మారబోతే వాన పట్టుకుంది. కాలవగట్టున ఓ ట్రస్టువాళ్లు పెట్టిన మ్యూజియం కనిపిస్తే ఇద్దరూ అందులో దూరారు. పాత పల్లకీ, రాగి గంగాళాలు, తాటాకు గ్రంథాలు చూసుకుంటూ పోతే వెనక గదిలో పదిమంది గుమిగూడి ఉన్నారు. గుహుడు సీతారామలక్ష్మణుల్ని పడవెక్కించుకుని గంగ దాటిస్తున్న బొమ్మ, పనస చెక్క మీద వేసింది. బుల్లిరాజు వాళ్ల భుజాల మీంచి మెడ చాచి చూశాడు. అది తను వేసిన బొమ్మ.

కింద అంటించిన చీటీలో ఇలా ఉంది: 'అజ్ఞాత చిత్రకారుడు. సుమారు నూట యాభై ఏళ్ల నాటిది. గంగాతీరాన కొబ్బరిచెట్లు నిలిపి, గంగను గోదావరిగా దర్శించిన అపూర్వ భావన.' ఒకాయన దాన్ని పైకి చదివి, "ఏ మహానుభావుడో!" అన్నాడు. పక్కనున్న పెద్దావిడ దణ్ణం పెట్టుకుంది. ఆ మహానుభావుడు వెనకాలే తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడని వాళ్లకేం తెలుసు?

ఆ బొమ్మ శరభయ్యగారని ఓ వేదపండితుడు తన దేవుడి గదికి వేయించుకున్నది. బుల్లిరాజుకి అప్పుడు కొత్తగా పెళ్లయింది. పసుపూ కుంకుమా పడేచోట, హారతి ఇచ్చేచోట మనిషి పేరు ఉండకూడదు. అందుకని బోర్డులన్నిటి మీదా వేసుకునే పేరు దీని మీద వేసుకోలేదు. తర్వాత దీపం పొగ, సాంబ్రాణి పొగ ఏళ్ల తరబడి పట్టి, డబ్బాలో కొన్న ఎనామిల్ రంగుకి ఎక్కడలేని వయసూ తెచ్చిపెట్టాయి. శరభయ్యగారు పోయాక ఆ ఇంటివాళ్లు దేవుడి గదిలో సామానంతా మ్యూజియానికి ఇచ్చేశారు. మ్యూజియం వాళ్లు పొగ చూసి వయసు కట్టారు.

"మీదే కదండీ? చెప్పండి వాళ్లకి" అంది పద్మావతి.

"పోనీవే" అన్నాడు. నోటితో అయితే అన్నాడు గానీ, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. ఊరందరి పేర్లూ రాసిన చెయ్యి ఇది. పోయేలోగా ఒక్కచోట, ఒక్కటంటే ఒక్కచోట, తన పేరు చూసుకోవాలి. ఆశ పట్టుకుంటే మనిషిని కుదురుగా అన్నం తిననివ్వదు.

మళ్లీ కొత్తపేట వెళ్లాడు. మ్యూజియం చూసుకునే యామిని అనే అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మంచి పిల్ల. "మీ మాట కాదనను బాబాయిగారూ, కానీ తెలిసినవాళ్లెవరైనా చెప్తే బాగుంటుందండి" అంది. శరభయ్యగారి కోడలు మీనాక్షమ్మగారిని బతిమాలి ఆటోలో తీసుకొచ్చాడు.

"ఆయ్, ఈ రాజుగారే వేసేరండి. మా మావగారు దగ్గర కూచుని వేయించుకున్నారు. కాఫీలు నేనే ఇచ్చేదాన్ని" అందావిడ.

యామిని నొచ్చుకుంది, క్షమించమంది. అన్నీ ఆయన్నే అడిగి కొత్త చీటీ రాసి అంటించింది: 'చిత్రకారుడు: బుల్లిరాజు, సైన్‌బోర్డు పెయింటర్, అమలాపురం. ఒక ఇంటి పూజగది కోసం ఎనామిల్ రంగులతో వేసినది. 1982 ప్రాంతం.' అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. పద్మావతి ఆ పేరుని వేలితో తడిమి చూసి మురిసిపోయింది. మోకాళ్ల నొప్పితో నిలబడలేక బయట బల్ల మీదకి వెళ్లి కూర్చుంది. ఆయన మాత్రం గోడవార నిలబడ్డాడు, ఎవరేమంటారో విందామని.

జనం వచ్చారు. బొమ్మ చూశారు, వంగి చీటీ చదివారు, పల్లకీ వైపు వెళ్లిపోయారు. వచ్చినవాళ్లందరిదీ అదే వరస. చివరికి ఓ కుటుంబం ఆగింది.

"గంగ ఒడ్డున కొబ్బరిచెట్లేంట్రా బాబూ!" అని నవ్వాడు ఇంటాయన.

"బోర్డులు రాసుకునేవాళ్లకి గంగేంటో గోదారేంటో ఏం తెలుస్తుందండీ" అంది ఆవిడ.

"తెడ్డు పట్టుకున్న చెయ్యి చూడు, మోచెయ్యే లేదు!"

బొమ్మ అదే, పడవ అదే. అపూర్వ భావన అనిపించుకున్న కొబ్బరిచెట్టూ అదే. బుల్లిరాజుకి ఏడుపొచ్చింది. అవమానంతో వచ్చిన ఏడుపది, దాచుకోవడానికి చోటు లేక తల వంచుకుని యామిని గదిలోకి వెళ్లాడు.

"అమ్మా, ఆ చీటీ తీసేసి పాతదే పెట్టెయ్యండమ్మా. నాకేం అభ్యంతరం లేదండి."

"అబద్ధమని తెలిశాక ఎలా పెడతానండీ?"

"పోనీ, ఏ చీటీ లేకుండా ఉంచండి."

"చీటీ లేకపోతే అసలు ఆగరండి." ఆ పిల్ల బల్ల మీది కాయితాలు సర్దింది. "మీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను బాబాయిగారూ. ఆ గది పురాతన వస్తువులదండి. దీన్ని స్టోరులోకి మార్చెయ్యమని ట్రస్టువారు చెప్పేరు."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. ఇంక అడగడానికేం మిగిలింది?

వెళ్లేముందు ఇంకోసారి బొమ్మ దగ్గరికి పోయాడు. గదిలో ఎవరూ లేరు. బొమ్మ పూర్తయిన రోజున శరభయ్యగారు రాముడి మొహం చూసి కళ్లు తుడుచుకుని, తనకి కొత్త పంచెలచాపు పెట్టారు. ఆ రోజు కనిపించిన బొమ్మని మళ్లీ చూసుకుందామనుకున్నాడు. చూపు తిన్నగా గుహుడి చేతి మీదికే పోయింది. నిజమే, మోచెయ్యి లేదు. భుజం దగ్గర మొదలైన చెయ్యి కర్రలా తెడ్డు దాకా పోయింది. ఎంతసేపు నిలబడ్డా రాముడి మొహం కనపడలేదు, ఆ చెయ్యే కనపడింది.

బయట బల్ల మీద పద్మావతి కొంగుతో విసురుకుంటూ ఎదురుచూస్తోంది.

"కరువుతీరా చూసుకున్నారా?"

బుల్లిరాజు ఆమె పక్కన కూలబడ్డాడు.

"నాకు బొమ్మ వెయ్యడం రాదే, పద్మా" అన్నాడు.