కాలువ పక్క పాలకూర

పరిశోధన కోసం హైదరాబాద్ వచ్చిన కొత్తలో కొండాపూర్‌లో ఒక హాస్టల్ గదిలో ఉండేదాన్ని. గదిలో మిగతా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి వాళ్లు షిఫ్టుకి బయల్దేరేవాళ్లు. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "మొక్కల మీద పని" అనేదాన్ని. మాట అక్కడితో ఆగిపోయేది. కొన్ని ఆదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోయేవి.

నా పని పాలకూర మీద. మురుగునీటిలోని కాడ్మియం, సీసం వంటి భారలోహాలు మొక్కలోకి చేరితే దాని జన్యువుల్లో ఏవి చురుకవుతాయి, ఏవి మందగిస్తాయి అని చూడాలి. అందుకని జీడిమెట్ల అవతల కాలువ పక్కన ఆకుకూరలు పండించే ఒకామె దగ్గరికి వారం వారం వెళ్లేదాన్ని. మెదక్ వైపు నుంచి వచ్చిన మనిషి. కూతురు బాచుపల్లిలో ఉంటోంది; భర్త పోయాక మడి ఒక్కతే చూసుకుంటోంది.

కోసిన ఆకును వెంటనే గడ్డకట్టించకపోతే అందులోని ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువులు పంపిన సందేశాలు, చెదిరిపోతాయి. ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కు మూత తీయగానే తెల్లటి పొగ లేచేది.

"ఏంది బిడ్డా, నా కూరకు ఊదు వేస్తున్నవా?" అని నవ్వేది.

పనయ్యాక గట్టు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పాలకూర పప్పు పెట్టేది. అంత పెద్ద ఊళ్లో నా ఆకలి సంగతి అడిగింది ఆమె ఒక్కతే.

కొన్ని నెలలకు ఫలితాలొచ్చాయి. లోహాన్ని పట్టి బంధించే పదార్థాలను తయారుచేసే జన్యువులు, మంచినీళ్లతో పెంచిన మొక్కల్లోకన్నా ఇక్కడ ఎన్నో రెట్లు ఎక్కువగా పనిచేస్తున్నాయి. ఎదుగుదలకు పనికొచ్చేవి తగ్గాయి. ఆకులో లోహం తినదగ్గ హద్దు దాటిందని వేరే పరీక్షలో తేలింది. మా గైడ్ "మంచి ఫలితం" అన్నారు. నాకు సంతోషం కలగలేదు. మర్నాడే మడి దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఈ కూర మీరు తినకండి. నీళ్లలో ఉన్న విషం ఆకులోకి దిగింది."

"ఆకు మంచిగనే ఉన్నది గద?"

"పైకి అట్లా ఉందమ్మా. లోపల దాన్ని తట్టుకోడానికే సత్తువంతా పోతోంది."

ఆమె వంగి ఒక ఆకు తుంచి చూసింది.

"గిన్నేండ్లు నా బిడ్డకు గిదే పెట్టిన," అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆ వారమే ఆమెను దవాఖానకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. భయపడాల్సిందేమీ లేదని, ఆ కూర మాత్రం మానెయ్యమని డాక్టరు చెప్పారు. దారిలో ఆమె నా చెయ్యి వదల్లేదు.

విషం దిగిన కూర అమ్మలేక, తర్వాత మడి వదిలేసి బాచుపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ ఒక బడిలో ఆయాగా చేరింది. ఫోన్ చేస్తే వెనక పిల్లల గోల వినిపించేది.

"మంచిగున్న బిడ్డా. ఇగ పెడ్త, పిల్లలు పరేషాన్ చేస్తున్నరు," అనేది.

ఆమెకు మంచే జరిగింది. నేను మిగతా పనంతా ల్యాబులోనే కుండీల్లో చేశాను. మొక్కలకు కాడ్మియం కొలిచి నేనే పోసేదాన్ని. మధ్యాహ్నాలు క్యాంటీన్‌లో, గోడవైపు తిరిగి ఉన్న బల్ల దగ్గర ఒక్కదాన్నే తినేదాన్ని.